ముక్కుపుడక ఉన్న తాటక

తాటకకు ముక్కుపుడక పెట్టిన బొమ్మను మొదటిసారి ఈ ఏడాది చూశాను. మైలాపూరు ఉత్తర మాడ వీధిలో, నవరాత్రికి ఇంకా పన్నెండు రోజులు ఉండగా, మధ్యాహ్నం మూడు గంటల ఎండలో. కోరలు ఉన్నాయి, విరబోసిన జుట్టు ఉంది, ఎత్తిన చేతిలో బండరాయి ఉంది. వాటన్నిటి మధ్య ఎర్రచుక్క అద్దిన చిన్న పుడక. ఎవరో ఒకప్పుడు ఆమెకు ముక్కు కుట్టించి, నలుగురిని పిలిచి, మురిసిపోతూ పెట్టించినట్లు. అది చూశాక బేరమాడటానికి నాకు నోరు రాలేదు. వెంట వచ్చిన మా తోడికోడలే ఆడింది. 3,200 చెప్పిన సెట్టు 2,750కి ఇచ్చారు.

మాది పెరంబూరు. ఇరవై రెండేళ్ళుగా కొలువు పెడుతున్నాను. పుట్టింట్లో, నెల్లూరులో, మా అమ్మ సంక్రాంతికి పెట్టేది. అత్తవారిల్లు చెన్నై కావడంతో నాకు నవరాత్రి కొలువు అలవాటైంది. ఏడు మెట్లు. తిరుపతి చెక్కబొమ్మల జంట, కొండపల్లి పల్లెపడుచులు, దశావతారాలు, మా మామగారు కొని తెచ్చిన రైలింజను. ఇన్నేళ్ళలో రాక్షసి బొమ్మ ఒక్కటీ మెట్టెక్కలేదు. మహిషాసురుడు అమ్మవారి కాలి కింద ఉన్నాడు, రావణుడు పట్టాభిషేకం పక్కన పది తలలతో ఉన్నాడు. ఆడవాళ్ళు మాత్రం లేరు. ఎందుకు లేరని నేను ఎన్నడూ ఆలోచించలేదు.

దుకాణానికి పేరుపలక లేదు. కోనేటి మూల నుంచి తూర్పుగా నడుస్తుంటే ఎడమచేతి వైపు, నీలం పరదా కింద, ముందు వరుసలో తంజావూరు తలాట బొమ్మలు ఊగుతుంటాయి. పణ్రుట్టి నుంచి వచ్చే కుటుంబం. అమ్మేది అరవై దాటిన పెద్దమనిషి. కళ్ళు దిద్దేది ఆయన తల్లి. ఇంట్లో తమిళమే అయినా, కొనడానికి వచ్చేవాళ్ళతో మాట్లాడి మాట్లాడి ఆయనకు తెలుగు బాగానే వచ్చింది.

సెట్టులో ఐదు బొమ్మలు. విశ్వామిత్రుడు, రాముడు, లక్ష్మణుడు, వెనక నిలబెట్టడానికి ఒక చెట్టు, తాటక. ఆమె పద్నాలుగు అంగుళాలు, మిగిలినవారు ఎనిమిది. మట్టి కాదు, కాగితపు గుజ్జు. అంత పెద్ద బొమ్మను ఒక చేత్తో ఎత్తవచ్చు. పీఠం వెడల్పుగా ఉండటం వల్ల మెట్టు మీద కదలకుండా నిలబడుతుంది. నేను ఏ బొమ్మనైనా వెనక్కి తిప్పి చూస్తాను. ముందు వైపు రంగులు అద్ది వీపు వదిలేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈమె వీపు మీద జడపాయల గీతలు కూడా ఉన్నాయి. తడిగుడ్డతో తుడిచినా మెడ దగ్గర రంగు అంటలేదు. రాముని పెదవుల ఎరుపు మాత్రం కాస్త అంటింది.

ఇక కళ్ళు. కనుగుడ్లు సూటిగా లేవు, కుడివైపు తిరిగి ఉన్నాయి. సెట్టు పెట్టెలో ఉన్న వరుసలోనే అమర్చితే ఆమె చూసేది బాణం ఎక్కుపెట్టిన రాముని వైపు కాదు, పక్కన నిలబడిన ఋషి వైపు. దిద్దిన చేయి కావాలనే అలా దిద్దిందా అని నేను అడగలేదు. కానీ ఆమె కథ తెలిసినవాళ్ళకు ఆ చూపు చాలు.

నాకు బాధ కలిగించినది చీటీ. పెట్టె మీద తమిళంలో ఒక చీటీ, తెలుగులో ఒక చీటీ అంటించారు. తెలుగు చీటీ మీద ‘రాక్షసి సెట్టు’ అని ఉంది. పక్కన శూర్పణఖ పెట్టె ఉంటే దాని మీదా అదే. పూతన పెట్టె మీదా అదే. ముగ్గురికీ ఒకే కాగితం, ఒకే అచ్చు. నేను ఇంట్లో కూర్చుని తెలుగు పుస్తకాల ప్రూఫులు దిద్దుతాను. తప్పు పేరు కనబడితే దాన్ని అలాగే వదిలి ముందుకు పోలేను. “అయ్యా, ఈమె పుట్టుకతో రాక్షసి కాదు” అన్నాను. ఆయన నవ్వి, “ఎవరైతే ఏమిటమ్మా, అరక్కే కదా” అన్నాడు. అరక్కి అంటే తమిళంలో రాక్షసి.

బాలకాండలో ఈ సందేహం మొదట వచ్చింది రామునికే. యక్షులకు బలం తక్కువంటారే, ఈ స్త్రీకి వేయి ఏనుగుల బలం ఎలా వచ్చిందని విశ్వామిత్రుణ్ణి అడుగుతాడు. ఋషి చెబుతాడు. సుకేతుడనే యక్షుడు పిల్లలు లేక తపస్సు చేస్తే బ్రహ్మ కొడుకును ఇవ్వలేదు, వేయి ఏనుగుల బలం గల కూతురిని ఇచ్చాడు. ఆమె పెరిగి పెద్దదై, అందగత్తె అయి, సుందుణ్ణి పెళ్ళాడి మారీచుణ్ణి కన్నది. సుందుడు అగస్త్యుని చేతిలో చనిపోయాడు. ఆమె కొడుకును వెంటబెట్టుకొని ఆ ఋషి మీదికి పరుగెత్తింది. ఆయన శపించాడు. అందం పోయింది, మనుషులను తినే భయంకర రూపం వచ్చింది. ఆ శాపం శ్లోకంలో కూడా ఆమెను పిలిచిన మాట ‘మహాయక్షీ’. ఆ వెంటనే ‘విరూపా, వికృతాననా’. పేరు యక్షి, ముఖం వికృతం. ఆ రెండు మాటల మధ్య ఒక భర్త చావు ఉంది. తరువాత కూడా రాముడు ఆడది కదా అని వెనకాడతాడు. ముక్కు చెవులు కోసి వదిలేద్దామనే అంటాడు. లక్ష్మణుడు ఆమె ముక్కు చెవులు కోస్తాడు. చివరికి రాముని బాణం రొమ్మున దిగుతుంది.

అంటే, పోబోయే ముక్కుకు పుడక పెట్టాడు ఈ బొమ్మను మొదట చేసినవాడు. అచ్చు తన తాతగారిదని దుకాణదారు చెప్పాడు. పక్కనే కొత్త అచ్చుతో చేసిన తాటక కూడా ఉంది. అది మెరుస్తుంది, కోరలు పెద్దవి, ముక్కు బోసి. వెల 400 రూపాయలు తక్కువ. కొనేవాళ్ళు పాత అచ్చు అని అడిగి తీసుకోండి. అడగకపోతే కొత్తదే కట్టి ఇస్తారు.

‘రాక్షసే కదా’ అన్న మాట నా మనసులో మరోలా తిరుగుతూ వచ్చింది. ఎందుకంటే ఆ మాట పుట్టిన తీరే వింతగా ఉంటుంది. ఉత్తరకాండలో అగస్త్యుడే, తాటకను శపించిన ఆ ఋషే, రామునికి రాక్షసుల పుట్టుక చెబుతాడు. బ్రహ్మ మొదట నీటిని సృష్టించాడు. ఆ నీటికి కాపలాగా కొన్ని ప్రాణులను సృష్టించాడు. అవి ఆకలిదప్పులతో వచ్చి ఏం చేయమంటావని అడిగితే, కాపాడండి అన్నాడు. కొందరు ‘రక్షామః’ అన్నారు, కాపాడతామని. వారు రాక్షసులు. మరికొందరు ‘యక్షామః’ అన్నారు, పూజిస్తామని. వారు యక్షులు. ఒకే రోజు, ఒకే గుంపు, జవాబులో ఒక అక్షరం తేడా. మనం పిల్లల చేతికి కట్టే రక్షరేకులో ఉన్నదీ, కోరల బొమ్మ పేరులో ఉన్నదీ ఒకే ధాతువు.

వేదంలో మాత్రం ఈ మాట భయంగానే వినబడుతుంది. ‘రక్షస్’ అంటే కీడు, కీడు చేసేది. రాక్షస శబ్దం దాని నుంచే వచ్చింది. ఋగ్వేదం ఏడో మండలం నూట నాలుగో సూక్తంలో, గుడ్లగూబలా రాత్రిపూట తిరుగుతూ ఒంటిని దాచుకునే ఒక ఆమె ప్రస్తావన ఉంది. పేరు లేదు, ముఖం లేదు, చీకట్లో రెక్కల చప్పుడు ఒక్కటే. ఇంట్లో అందరూ నిద్రపోయాక ప్రూఫులు దిద్దుతూ కూర్చున్న రాత్రుల్లో ఆ ఋక్కు నాకు చాలాసార్లు గుర్తుకు వచ్చింది. అమరకోశం రాక్షసులకు ఇచ్చిన పర్యాయపదాల్లో పచ్చిమాంసం తినేవారని ఉంది, నెత్తురు తాగేవారని ఉంది, రాత్రి తిరిగేవారని ఉంది, వాటి నడుమ ‘పుణ్యజనః’ అని కూడా ఉంది. చిన్నప్పుడు వల్లె వేసినప్పుడు నాలుక దాన్ని దాటిపోయింది. ఇప్పుడు దాటడం లేదు.

కాపలా అన్న అర్థం రామాయణంలో ఆడవాళ్ళ దగ్గరే ఎక్కువగా నిలిచి ఉంది. హనుమంతుణ్ణి లంక వాకిట ఆపినది ఆ నగరమే, స్త్రీ రూపంలో. మనం లంకిణి అంటాం. అశోకవనంలో సీత చుట్టూ కూర్చున్నవారూ కాపలావారే. ఒంటికన్నుది, ఒంటిచెవిది, చెవులే దుప్పటిలా కప్పుకున్నది, ఏనుగు చెవులది అంటూ వాల్మీకి ఒక్కొక్కరినీ విడిగా చూపిస్తాడు. ముద్దగా ‘రాక్షసులు’ అని వదలడు. వారిలోనే త్రిజట ఉంది, కల చెప్పి మిగిలినవాళ్ళను ఆపింది. యుద్ధం ముగిశాక హనుమంతుడు ఈ ఆడవాళ్ళను చంపుతానంటే సీత వద్దంటుంది. రాజు చెప్పినది చేసిన దాసీలు వారు, వారి మీద కోపమెందుకు అంటుంది. ఏడాది పాటు వాళ్ళ బెదిరింపులు పడిన మనిషి అన్న మాట అది.

మాట మన దగ్గరికి వచ్చేసరికి రూపు మారింది. రాక్షసి ప్రకృతి, రక్కసి వికృతి. పక్షి పక్కి అయినట్లు, అక్షరం అక్కరం అయినట్లు, ప్రాకృతం మీదుగా క్ష కరిగి క్క అయింది. యక్షుడు జక్కుడు అయ్యాడు. తమిళం మాటను ‘ర’తో మొదలు పెట్టడానికి ఇష్టపడదు, ముందు ఒక అచ్చు చేర్చుకుంటుంది. రాముడు ఇరామన్, రాక్షసి అరక్కి. దుకాణదారు నోట అరక్కి, నా నోట రక్కసి, రెండూ ఒకే ఇంటి పిల్లలు. ఇది చెప్పినప్పుడు ఆయన ముఖంలో మొదటిసారి ఆసక్తి కనిపించింది. పెద్దామె కుంచె పక్కన పెట్టి, మళ్ళీ చెప్పమంది.

తెలుగులో మరో సంగతి ఉంది. మనకు రాక్షసి అంటే పెద్దది అని కూడా అర్థం. డైనోసారు రాక్షసి బల్లి. వేల ఏళ్ళ నాటి పెద్ద బండల సమాధులు పల్లెల్లో రాక్షసి గుళ్ళు. నేలబొగ్గు రాక్షసి బొగ్గు. మా మామగారు పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో పనిచేశారు, ఆవిరి ఇంజన్ల కాలం మనిషి. ఆయన ‘రాక్షసి బొగ్గు’ అన్నప్పుడు గొంతులో భయం ఉండేది కాదు, గౌరవం ఉండేది. మా అమ్మ నన్ను ‘రాక్షసీ, జుట్టు దువ్వించుకోవే’ అని పిలిచేటప్పుడు ఉన్నదీ కోపం కాదు. ఇన్ని రకాలుగా వాడిన మాటను ఒక చీటీ మీద అచ్చు వేసి అన్ని పెట్టెలకూ అంటించడం నాకు అందుకే నచ్చలేదు.

అదే దుకాణంలో శూర్పణఖ సెట్టు కూడా కొన్నాను, 1,400కు. అది కొనకండి. శూర్పం అంటే చేట. శూర్పణఖ అంటే చేటల్లాంటి గోళ్ళు ఉన్నది. పేరే బొమ్మ ఎలా చేయాలో చెబుతోంది. వాళ్ళు చేసిన బొమ్మకు వేళ్ళ చివర చిన్న ఎర్రచుక్కలు మాత్రమే ఉన్నాయి, గోళ్ళరంగు వేసుకున్నట్లు. ముఖం కొత్త అచ్చు తాటకదే, ముక్కు దగ్గర ఎరుపు పూశారు. లక్ష్మణుని కత్తి అట్టముక్క. దుకాణం వాళ్ళకు ఇదంతా చెప్పాను. గోళ్ళు పొడుగ్గా చేస్తే రవాణాలో విరుగుతాయని ఆయన అన్నాడు. అది నిజమే కావచ్చు. అయినా గోళ్ళు లేని శూర్పణఖకు ఆ పేరు పెట్టి అమ్మకూడదు.

పూతన సెట్టు బాగుంది కానీ కొనలేకపోయాను. ఒడిలో కృష్ణుడు, ముఖం మీద అందమైన నవ్వు. పనితనంలో లోపం లేదు. నాకే చేయి రాలేదు. సుశ్రుత సంహితలో పసిపిల్లలను పట్టి పీడించే గ్రహాలు తొమ్మిది చెప్పారు. వాటిలో పూతన ఒకటి, అంధపూతన ఒకటి, శీతపూతన ఒకటి. కథలో ఆమె విషం పూసుకుని వచ్చిన రాక్షసి. వైద్యుని పుస్తకంలో ఆమె పసిబిడ్డల వాంతులు, విరేచనాలు, ఆరిపోయే ఒళ్ళు. పిల్లలు ఎందుకు పోతున్నారో తెలియని కాలంలో తల్లులు ఆ భయానికి ఒక ఆడ ముఖం ఇచ్చారు. మా అమ్మమ్మ పురిటిగది గుమ్మానికి వేపమండలు కట్టి, అవి వాడిపోకముందే మార్చేది. ఆవిడకు పుట్టిన ఎనిమిది మందిలో ముగ్గురు ఏడాది నిండకుండానే పోయారు. ఆ సెట్టు వెల ఎంతో కూడా అడగలేదు.

ఇల్లు చేరేటప్పటికి మరో గొడవ. లజ్ దగ్గర 29సి బస్సు ఎక్కాము. పెట్టెను ఒడిలో పెట్టుకున్నా, దిగేటప్పుడు తోపులాటలో తాటక ఎడమచేతి చిటికెనవేలు విరిగింది. మూడో రోజు తిరిగి తీసుకెళ్ళాను. ఎవరి తప్పని అడగకుండా పెద్దామె బొమ్మను తీసుకుని, గుజ్జు అద్ది, సన్నటి తీగ లోపల పెట్టి వేలు అతికి, ఆరాక రంగు వేసి ఇచ్చింది. రెండు గంటలు పట్టింది, డబ్బు తీసుకోలేదు. ఆ అతుకు ఎక్కడుందో ఇప్పుడు నాకే కనబడదు. అమ్మిన తరువాత వస్తువును ఇలా చూసేవాళ్ళు ఈ వీధిలో ఇంకా ఉన్నారని చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నాను. ఒక్క లోపం, ఎండుగడ్డి తక్కువగా వేసి కడుతున్నారు. మీరు ఒక పాత చీర తీసుకెళ్ళండి.

ఆ రెండు గంటలు నేను దుకాణంలోనే కూర్చున్నాను. ఎదురుగా అరవైముగ్గురు నాయనార్ల బొమ్మలు, తమిళ శివభక్తులు, వరుసగా నిలబడి ఉన్నారు. ఆ వరుసలో ఒక్కరు మాత్రం కూర్చుని ఉన్నారు. ఎముకలు తేలిన ఒళ్ళు, వేలాడే రొమ్ములు, చేతిలో వాయించే తాళాలు. కారైక్కాల్ అమ్మైయార్. చెన్నైలో ఉన్నవాళ్ళు తమిళ పంగుని నెల ఉత్సవంలో ఆ అరవైముగ్గురు ఇదే మాడ వీధుల్లో ఊరేగడం చూసే ఉంటారు. ఆమె అసలు పేరు పునీతవతి, వర్తకుని భార్య. శివుని దయతో ఆమె చేతికి మామిడిపండు రావడం చూసి భర్త భయపడి వెళ్ళిపోయి, మరో పెళ్ళి చేసుకుని, చివరకు భార్య కాళ్ళ మీదే పడ్డాడు. అప్పుడు ఆమె శివుణ్ణి అడిగింది, భర్త కోసం మోసిన ఈ అందమైన ఒళ్ళు తీసుకో, నాకు పేయ్ రూపం ఇవ్వు అని. పేయ్ అంటే తమిళంలో దెయ్యం. ఆమె తన పాటల చివర తన పేరు ‘కారైక్కాల్ పేయ్’ అని చెప్పుకుంది. శివుడు ఆమెను ‘అమ్మై’ అన్నాడు, అమ్మ అని. మనకు ఇంత దగ్గరలోనే ఉన్న తిరువాలంగాడులో ఆయన నాట్యం చూస్తూ ఉండిపోయిందని చెబుతారు.

తాటక రూపం శాపంగా వచ్చింది. ఈమె అలాంటి రూపాన్నే వరంగా అడిగి తీసుకుంది. పెద్దామె ఒళ్ళో ఒకరు, ఎదుటి మెట్టు మీద మరొకరు. ఇద్దరి ఎముకలూ ఒకే చేయి గీసిందని నాకు అప్పుడు తెలిసింది. రొమ్ముల మీద గీతలు, మోకాళ్ళ ముడులు ఒకటే. ఆమెను విడిగా ఇస్తారా అని అడిగాను. నాయనార్ల వరుసను విడదీయలేం అన్నారు. అది సబబే.

కొలువు పెట్టిన రోజు అత్తయ్య అడ్డు చెప్పారు. ఆవిడకు ఎనభై ఒకటి. “దైవాలను నిలబెట్టే చోట దెయ్యాన్ని నిలబెడతావా అమ్మా?” అన్నారు. ఆవిడ మాటకు నేను ఎదురు చెప్పే అలవాటు లేదు. కానీ ఆ రెండు మాటలూ ఒకటేనని ఆవిడకే చెప్పాలనిపించింది. దైవం ప్రకృతి, దయ్యం వికృతి. మనవాళ్ళు ఒకే మాటను గుడిలోపల ఒకలా, గుడి బయట ఒకలా పలికారు. కొత్త దేవుళ్ళు వచ్చినప్పుడు పాతవాళ్ళు చెట్టు కిందికి మారి ఉంటారేమో. అత్తయ్య చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, “మా ఊళ్ళో పొలిమేర అమ్మవారికి కూడా కోరలుండేవి” అన్నారు. తాటకను కింది నుంచి రెండో మెట్టు మీద, ఎడమ పక్కన పెట్టమన్నారు. పెట్టాను. ముక్కుపుడక మీద దీపం వెలుగు పడేలా కాస్త తిప్పాను.

పేరంటానికి వచ్చినవాళ్ళలో సగం మంది ఆ బొమ్మ దగ్గరే ఆగిపోయారు. కింది వాటాలో ఉండే పిన్నిగారు మాత్రం, ఇంట్లో చిన్నపిల్లలున్నారు, రాక్షసి బొమ్మ ఉండకూడదమ్మా అని, శనగల పొట్లం తీసుకుంటూ నెమ్మదిగా చెప్పారు. భయంతో కాదు, మా మనవడి మీద ప్రేమతో. ఆవిడకు జవాబుగా నాకు జర గుర్తుకు వచ్చింది.

భారతం సభాపర్వంలో ఉంది. మగధ రాజు బృహద్రథునికి ఇద్దరు భార్యలు. ఒకే మామిడిపండును చెరిసగం తిన్నారు, చెరిసగం బిడ్డను కన్నారు. రెండు ముక్కలనూ దాదులు నాలుగుదారుల కూడలిలో పడేస్తే జర అనే రాక్షసి చూసింది. తినడానికి మోసుకుపోవాలని రెండూ ఒకచోట చేర్చింది. బిడ్డ ఏడ్చాడు. ఆమె తినలేదు. ఎత్తుకుని వెళ్ళి రాజుకు ఇచ్చింది. జర అతికినవాడు కాబట్టి జరాసంధుడు. నువ్వెవరని రాజు అడిగితే ఆమె చెప్పిన జవాబు నాకు భారతంలోనే చాలా ఇష్టమైన చోటు. నేను మనుషుల ఇంటింటా ఉండే రాక్షసిని, నా పేరు గృహదేవి అంటుంది. యౌవనంలో ఉన్న నన్ను, చుట్టూ బిడ్డలతో, గోడ మీద భక్తితో ఎవరు రాసుకుంటారో ఆ ఇల్లు వృద్ధి పొందుతుంది అంటుంది. మీ ఇంటి గోడ మీద నా బొమ్మ ఉంది, రోజూ పూలు పెడుతున్నారు, ఆ రుణం ఇలా తీర్చుకున్నాను అంటుంది. రాజు మగధలో ఆ రాక్షసికి ఉత్సవం చేయించాడు.

పిన్నిగారు అంతా విని, “బొమ్మ రాసుకోమని తనే చెప్పిందా?” అని అడిగారు. చెప్పిందన్నాను. పసుపు కుంకుమ తీసుకుని, వెళ్తూ వెళ్తూ తాటక ముందు కూడా ఒక చామంతి పెట్టారు.

ఏడో రోజు మళ్ళీ ఉత్తర మాడ వీధికి వెళ్ళాను. అప్పటికి సగం పరదాలు విప్పేశారు. వీళ్ళది ఉంది. మూడు చీటీలు తెలుగులో అందంగా రాసి తీసుకెళ్ళాను. ‘తాటక, సుకేతుని కూతురు’, ‘శూర్పణఖ’, ‘పూతన’. ఆయన వాటిని తీసుకుని, వచ్చే ఏడాది ఇవే అచ్చు వేయిస్తానన్నాడు. వేయిస్తాడో లేదో చూడాలి. తరువాత జర బొమ్మ ఉందా అని అడిగాను. అచ్చు లేదన్నాడు, అసలు ఆ పేరు వినలేదన్నాడు. కథ మొత్తం చెప్పించుకున్నారు తల్లీ కొడుకూ. ఎలా ఉండాలి అని అడిగింది పెద్దామె. వయసులో ఉండాలి, కోరలు చిన్నవిగా ఉండాలి, ముక్కుపుడక తప్పకుండా ఉండాలి, నిలబెట్టే బొమ్మ కాకుండా గోడకు తగిలించే పలకలా ఉండాలి అని చెప్పాను. ఆవిడ కుంచె వెనక కొసతో నేల మీద దుమ్ములో ఒక వంపు గీసి, ఇలా కూర్చుంటుందా అని చూపింది. అలాగే అన్నాను. ఐదు వందలు బయానా ఇచ్చాను. ఆయన రసీదు పుస్తకం తీసి తమిళంలో ‘అరక్కి ఒకటి, పిల్లలతో’ అని రాసి, తల ఎత్తి, ఎంతమంది పిల్లలు కావాలని అడిగాడు.

ఎనిమిది మంది అన్నాను.